ఎర్రపట్టె మీంచి పన్నెండు మూటలు

ఆగస్టు మొదటి సోమవారం, తెల్లవారుజామున ఐదు కావడానికి ఇంకా పది నిమిషాలుందనగా, మా ఊరి వాగు మీది చెక్కవంతెన దగ్గర ముప్పై మంది దాకా పోగయ్యారు. అందులో సగం మందికి గడ్డి కొయ్యడం రాదు. మిగతా సగానికి గడ్డితో పనే లేదు, చూడ్డానికొచ్చారు.

వంతెన అవతల కొండంతా ఊరి సంఘానిది. ఆవులు కూడా కాలు నిలవక జారిపోయేంత వాలు. అక్కడ పెరిగే కొండగడ్డిని పట్టెలు పట్టెలుగా పంచుకుని కోసుకోవడం మా తాతల నాటి పద్ధతి. ఆ సోమవారం ఐదు గంటలకు చర్చి గంట మోగేదాకా ఎవరూ వంతెన దాటకూడదు. మోగాక ఏ పట్టెలో ఎవరు ముందు కొడవలి పెడితే ఆ ఏటికి అది వాళ్లది. మర్నాడు సాయంత్రం ఆరింటి గంటలోగా అందులోంచి పన్నెండు ఎండుమూటలు కిందికి దిగాలి. వరసగా మూడేళ్లు అలా దిగకపోతే ఆ పట్టెను సంఘం ఇంకో పనికి ఇచ్చేసుకోవచ్చు.

ఎర్రపట్టె నుంచి రెండేళ్లుగా ఒక్క మూటా దిగలేదు. నలభై ఏళ్లు దాన్ని కోసిన వెండెల్ బాబాయికి మోకాలు ఆపరేషన్ అయింది. ఇది మూడో ఏడు. ఆ ఇంకో పని కూడా సిద్ధంగా ఉంది. పేరు కీలియన్, వయసు ఇరవై నాలుగు. ఎర్రపట్టె మీద అడ్డంగా మెలికలు తిప్పి సైకిళ్లు దిగే బాట తవ్వాలని వాడి ఆశ. నలభై ఎనిమిది సంతకాలు కూడా పోగేశాడు. చెడ్డవాడేం కాదు. వాడి ఈడు పిల్లలందరూ జూరిక్‌కో బెర్న్‌కో ఎగిరిపోతే, ఇక్కడే ఏదో ఒకటి చేసుకుని బతుకుతానని పట్టుబట్టి ఉన్నవాడు వాడొక్కడే.

నా సంగతీ చెప్పాలి. నా పేరు మార్గ్రిత్. జూరిక్‌లో నాలుగేళ్లు చదివి, తిరిగొచ్చి, మా నాన్న నడిపిన నలుగురు పట్టే కేబుల్ కారునే ఇప్పుడు నడుపుతున్నాను. సైకిళ్లు వస్తే నా డబ్బా రోజంతా ఖాళీ లేకుండా తిరుగుతుంది, కాదనను. కానీ కొయ్యని గడ్డి చలికాలంలో పడుకుని చాపలా అయిపోతుంది. దాని మీద మంచు నిలవదు, జారిపోతుంది. మొన్న మార్చిలో అలా జారిన మంచు నా రెండో స్తంభాన్ని భుజంతో గుద్దినట్టు గుద్ది ఆగింది. ఆ రోజు డబ్బాలో బడికెళ్లే పిల్లలు ముగ్గురున్నారు.

అందుకే వెండెల్ బాబాయి మనవరాలు స్వేన్యా "ఈ ఏడు ఎర్రపట్టె నేను కోస్తానత్తా" అన్నప్పుడు నేను ఊరికే సంతోషించి ఊరుకోలేదు, నా చేత్తో కొడవలి పదును పెట్టించి ఇచ్చాను. స్వేన్యా లూసర్న్‌లో చదువుతుంది. చలికాలం స్కీలు కట్టుకుని కొండ ఎక్కే పోటీల్లోనూ, ఎండాకాలం కొండ పరుగుల్లోనూ కప్పులు తెచ్చుకుంటుంది. దాని స్నేహితులు ఏడుగురు ముందురోజే రైల్లో, బస్సులో వచ్చి బాబాయి గడ్డికొట్టంలో పడుకున్నారు. కొడవలి పట్టడం ఒక్కరికీ రాదు. గడ్డి లాగుతారు, మోస్తారు, చెమటోడుస్తారు. వాళ్లకు కావలసింది అదేనట.

వంతెన దగ్గర కీలియన్ కూడా కొడవలి భుజాన వేసుకుని నిలబడ్డాడు. వాడి ఎత్తు నాకు వెంటనే అర్థమైంది. ముందు కొడవలి పెట్టి పట్టె తనదనిపించుకుని, ఆ తరవాత ఒక్క మూటా దించకుండా కూర్చుంటే చాలు. మూడో ఏడూ గడిచిపోతుంది. అలా చెయ్యకూడదని మా తాతలు ఎక్కడా రాసిపెట్టలేదు.

"ఏమే స్వేన్యా, ఈసారి పోటీకి కార్లో రాలేదా?" అన్నాడు కీలియన్ అందరూ వినేలా. పోయిన చలికాలం అది నాలుగు దేశాల్లో నాలుగు పోటీలకు కార్లో తిరిగిందని ఊరందరికీ తెలుసు.

"రాలేదురా. రైలు పోని పోటీకి మార్చి నుంచి పోవడం మానేశా. నువ్వేమో సైకిల్ని జీపులో పైకెక్కించి, దిగి, మళ్లీ జీపెక్కించి... అది నీకు ఆటా, జీపుకి వ్యాయామమా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. కీలియన్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇక్కడే బాట ఉంటే జీపెందుకే? మీ అత్త డబ్బాలో ఎక్కుతాం. కరెంటు కూడా మన వాగుదే. నీ గడ్డి ఒక్కటే కొండని కాపాడుతుందనుకోకు."

"నీ బాట కోసం పార పెడితే ఆ వాలు మీద మళ్లీ గడ్డి మొలవడానికి నీకు మనవలు పుట్టాలి."

"మనవలా? ముందు నాకు పెళ్లి సంబంధం చూడు!"

అప్పుడు గంట మోగింది.

ఇద్దరూ వంతెన చెక్కలు అదిరిపోయేలా ఉరికారు. ఒక్క నిమిషంలో అడివిలో కలిసిపోయారు. నేను వెనక్కి తిరగబోతూ వంతెన కమ్మీ వైపు చూశాను కదా, అక్కడ వేలాడుతున్నాయి వెండెల్ బాబాయి ఇనపగోళ్లు. బూట్ల కింద కట్టుకునే నాలుగు మేకుల పట్టాలు. అవి లేకుండా రాత్రి మంచుకు తడిసిన గడ్డివాలు మీద నిలబడడం గోడ మీద నిలబడడమే.

"బాబాయ్, ఇది ఇవి వదిలేసి పోయింది!"

వెండెల్ బాబాయి చేతికర్ర నేలకేసి కొట్టాడు. "బరువని వదిలేసింది! అది పళ్లు తోముకునే బ్రష్షు పిడిని కూడా సగానికి విరిచి సంచీలో పెట్టుకునే రకం! ఇనపగోళ్లు మోస్తుందా?"

నిజమే, తొమ్మిది వందల గ్రాములు. పరుగు పోటీలో ఆ బరువు ఓడిస్తుంది. గడ్డిలో అదే నిలబెడుతుంది. పోటీలో తల పండిన పిల్ల తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు ఇది.

మేం కేబుల్ కారు గదికి పరిగెత్తాం, అంటే నేను పరిగెత్తాను, బాబాయి కుంటాడు. పర్యాటకుల కోసం బయట పెట్టిన పెద్ద దూరదర్శిని ఒకటుంది, ఫ్రాంకు నాణెం వేస్తే రెండు నిమిషాలు కనిపిస్తుంది. దాన్ని తెరిచే తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు. టికెట్ల సొరుగులో చెయ్యి పెట్టి నాణేలు గుప్పిట పట్టుకొచ్చాను.

ఐదూ నలభైకి ఇద్దరూ అడివి దాటి రాళ్లలోకి వచ్చారు. ముందు నీలం చొక్కా, స్వేన్యా. వెనకాల పాతిక గజాల్లో కీలియన్, వాడి నడుముకి ఏదో మెరుస్తోంది.

"వాడు గోళ్లు తెచ్చుకున్నాడు," అన్నాను.

"వాళ్ల నాన్న కట్టి పంపించి ఉంటాడు. వాడు నాతో పాటు కోసినవాడే." బాబాయి గొంతులో మెచ్చుకోలు దాగలేదు. "జరుగు, నన్ను చూడనీ."

చూస్తుండగా నల్లగా అయిపోయింది.

"ఫ్రాంకు వెయ్యవే!"

వేశాను. స్వేన్యా ఎర్రపట్టె హద్దురాయి దగ్గరికి చేరింది. గడ్డిలో కాలు పెట్టింది. పెట్టగానే రెండు గజాలు కిందికి జారి రాయి పట్టుకుని ఆగింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. కీలియన్ వచ్చేశాడు. తాపీగా కూర్చుని గోళ్లు కట్టుకుంటున్నాడు. దూరం నుంచి కూడా వాడి భుజాలు నవ్వుతున్నట్టే ఉన్నాయి.

"అయిపోయింది," అన్నాను.

"నోర్ముయ్. అది ఏదో విప్పుతోంది."

బూట్లు విప్పింది, మేజోళ్లు విప్పింది. ఆ పిల్ల చలికి ఉడకబెట్టిన బీట్‌రూటులా ఎర్రబడ్డ ఉత్త పాదాలతో, కాలివేళ్లు గడ్డి మొదళ్లలోకి గుచ్చి, బల్లిలా పక్కకు పాకి, హద్దురాయి దాటి నాలుగడుగులు లోపలికెళ్లి లేచింది. కీలియన్ చేతిలో రెండో గోరు కట్టు ఇంకా బిగియలేదు. స్వేన్యా కొడవలి ఎత్తి ఒక్క విసురు విసిరింది. దూరదర్శినిలో గడ్డి పడడం కనపడదు కానీ, బాబాయి మాత్రం పడిందన్నాడు. మళ్లీ నల్లగా అయిపోయింది. ఇంకో ఫ్రాంకు వెయ్యలేదు. ఇద్దరం గంతులేస్తున్నాం, ఆయన ఒంటి కాలి మీద.

నేను డబ్బా నడిపి ఆ ఏడుగురు స్నేహితులనీ సగం కొండ దాకా చేరవేశాను. మధ్యాహ్నం అన్నానికి దిగినప్పుడు బాసెల్ నుంచి వచ్చిన నోయెమీ అనే అమ్మాయి పైన జరిగింది చెప్పింది. కీలియన్ ఓడిపోయాక కాసేపు బూతులు తిట్టాడట. స్వేన్యా పాదాలు గడ్డి మోళ్లకు కోసుకుపోయి రక్తం కారుతుంటే చూసి, తన ఇనపగోళ్లు విప్పి దాని మీదికి విసిరి, "తొడుక్కో, పడి చస్తే నేనే తోశానంటారు," అన్నాడట.

"తొడుక్కుందా?"

"తొడుక్కుంది. థాంక్స్ మాత్రం చెప్పలేదు."

ఆ సాయంత్రానికి స్వేన్యా ఎర్రపట్టె ముప్పావు భాగం కోసింది. ఏడుగురూ పంగలకర్రలతో గడ్డి తిప్పీ తిప్పీ చేతులు బొబ్బలెక్కి, ఆలుగడ్డలూ మకరోనీ చీజులో కలిపి వండిన కుండని గరిటెతో సహా నాకేసి, కొట్టంలో పడిపోయారు.

మర్నాడు పొద్దున ఎండ బాగానే కాసింది. పైనుంచి వెండెల్ బాబాయి కొట్టం దాకా ఉక్కుతీగ ఒకటుంది, ఏడు వందల మీటర్ల దిగుడు. మూట వలలో కట్టి, కొక్కేనికి తగిలించి, కర్రతో తీగని మూడుసార్లు కొడతారు. కింద ఉన్నవాడు మూడుసార్లు కొట్టి 'రానీ' అంటాడు. అప్పుడు వదులుతారు. ఎండిన మూట తేలిగ్గా ఈలేసుకుంటూ వచ్చి దుంగకి తగిలి ఆగుతుంది. బాబాయి దాన్ని విప్పుతాడు, నేను ఆ పక్కనే ఉన్న నా గది తలుపు మీద సుద్దతో గీత గీస్తాను. ఆ లెక్కకి ఊరి సంఘం పెట్టిన సాక్షిని నేనే. స్వేన్యాకి వరసకి మేనత్తనని వాళ్లకి తెలిసినా నన్నే పెట్టారు. అంటే నేను ఒక్క గీత కూడా ఎక్కువ గీయలేననే కదా.

మూడున్నరకి తొమ్మిది గీతలయ్యాయి.

అప్పుడే కీలియన్ కూడా పైకెళ్లాడు, సంచీ నిండా చిన్న ఎర్రజెండాలేసుకుని. స్వేన్యా ఓడిపోతే వెంటనే బాట గుర్తులు పాతుకోవాలని. టికెట్ తీసుకుంటూ, "అత్తా, మీ కోడలుపిల్లకి ఆరింటి దాకా నా ఆశీస్సులున్నాయని చెప్పండి," అన్నాడు.

"నువ్వే చెప్పు. దాని చేతిలో కొడవలి ఉంది, కొంచెం దూరం నుంచి చెప్పు."

నాలుగుంపావుకి పైనుంచి తీగ మీద మూడు దెబ్బలు వినపడ్డాయి. చప్పుడు తేడాగా ఉంది, కంగారుగా. బాబాయి ఒక్కసారి నా వైపు చూసి మూడు కొట్టాడు. మూట వచ్చింది. ఈల వెయ్యలేదు, గర్జించింది. అది చూడగానే నాకు తెలిసిపోయింది, నీడపట్టున కోసిన పచ్చిగడ్డి, నీళ్లతో బండలా ఉంది.

"తప్పుకో బాబాయ్!"

ఆయన కర్రతో పాటు పక్కనున్న గడ్డివామిలోకి పడ్డాడు. మూట దుంగని గుద్దింది. దుంగ చీలింది. కొక్కెం చక్రం ఎగిరి ఆవుల తొట్టిలో పడి బుస్సుమంది. తీగ అటూ ఇటూ వీణ తంతిలా ఊగి ఊగి ఆగింది.

బాబాయి గడ్డిలోంచి తల బయటకు పెట్టి, ముందుగా అన్నమాట ఏమిటంటే: "ఇది లెక్కలోకి రాదు. పచ్చిది."

ఫోన్ చేశాను. స్వేన్యా ఏడుస్తోంది. "అత్తా, తాతకేమైనా అయిందా? టైం అయిపోతోందని... అది ఇంకా ఆరలేదని తెలుసు నాకు, తెలిసే కట్టాను."

"తాత బాగానే ఉన్నాడు. తీగే పోయింది. దుంగ చీలింది, ఈవేళ బాగుపడదు."

ఇంకా మూడు మూటలు కావాలి. పైన ఎండవైపు గడ్డి ఇప్పుడిప్పుడే కరకరలాడుతోందట. ఇంకో అరగంట ఓపిక పట్టి ఉంటే చక్కగా తీగ మీదే దిగేవి.

బాబాయి ఫోన్ లాక్కున్నాడు. "ఏడుపాపి విను. తీగ కట్టింది నా పెళ్లయిన ఏడు. అంతకుముందు మా నాన్న గడ్డి ఎలా దించాడు?"

"...ఎలా?"

"నెత్తి మీద పెట్టుకుని! పశువుల దారంట! దిగాలనే రాసుంది, తీగ మీద దిగాలని ఎక్కడుంది?"

అటు ఫోన్ పక్కనుంచి ఇంకో గొంతు వినిపించింది, కీలియన్‌ది. "ముప్పై కిలోలు నెత్తి మీదా? నడుములు విరుగుతాయి తాతా!"

"నీ నడుము గురించి ఎవడడిగాడురా?" అన్నాడు బాబాయి.

తరవాత పైన స్వేన్యాకీ కీలియన్‌కీ మధ్య ఏం జరిగిందో నోయెమీయే చెప్పింది. ఐదింటికి మూడు ఎండుమూటలు కట్టారు. ఒకటి స్వేన్యా తీసుకుంది. ఒకదాన్ని రెండు సగాలు చేసి నోయెమీ, ఇంకో కుర్రాడు నెత్తికెత్తుకున్నారు. మూడోది అలాగే ఉండిపోయింది. మిగతావాళ్లెవరికీ ఆ దిగుడులో కాలు పెట్టే ధైర్యం లేదు. స్వేన్యా కీలియన్ వైపు చూసింది.

"అలా చూడకు. అది దిగితే నా బాట పోతుంది."

"తెలుసు. అడగట్లేదు. నువ్వు ఎలాగూ దిగలేవు, చక్రాల్లేకుండా."

"ఏమన్నావ్?"

"నిన్న ఎక్కడంలో ఓడావు. దిగడంలో కూడా ఓడితే ఊళ్లో తలెత్తుకోలేవు కదా, పాపం, వద్దులే."

వాడు జెండాల సంచీ అవతల పారేసి మూట నెత్తికెత్తుకున్నాడట.

నాకు మాత్రం అప్పటికి అవేవీ తెలియవు. నేను దూరదర్శినికి కళ్లంటించి, సొరుగులోని ఫ్రాంకులు ఒక్కొక్కటే దాని నోట్లో వేస్తూ నిలబడ్డాను. ఐదూ ఇరవైకి రాళ్ల మీద నాలుగు గడ్డికుప్పలు నడుచుకుంటూ కనపడ్డాయి. కుప్పల కింద కాళ్లు. రెండు కుప్పలు తాపీగా వస్తున్నాయి. ముందున్న రెండు మాత్రం పరిగెడుతున్నాయి.

"నాలుగేంటి?" అన్నాడు బాబాయి. "ముందు పోయేదెవడు?"

"గోధుమరంగు బూట్లు. అయ్యో బాబాయ్, కీలియన్!"

"వాడికి పిచ్చెక్కిందా?"

"పోటీ ఎక్కింది!"

పశువుల దారి రెండు రాతిగోడల మధ్యనుంచి మెలికలు తిరిగి వస్తుంది. దాని మీద మూటలు గోడలకు రాసుకుంటూ, మలుపు దగ్గర ఒరిగి, మళ్లీ నిటారై, దుమ్ము లేపుకుంటూ దిగుతున్నాయి. మా గది దగ్గర జనం పోగయ్యారు. బస్సు డ్రైవరు కూడా బస్సు ఆపి దిగాడు. "కీలియన్! కీలియన్!" అని వాళ్ల అమ్మే అరుస్తోంది, వాడు దించేది ఎవరి గడ్డో మరిచిపోయి. ఐదూ నలభై ఆరుకి వెనకాల వస్తున్న రెండు సగాలూ అడివిలో ఎక్కడో నా కంటికి తప్పిపోయాయి. ఐదూ యాభైకి స్వేన్యా ఆఖరి మలుపు లోపలి గోడంట కోసుకుని కీలియన్‌ని దాటబోయింది. వాడు మూట అడ్డం పెట్టాడు. ఇద్దరూ నవ్వుతున్నారు, తిట్టుకుంటున్నారు. రెండూ ఒక్కసారే వినపడుతున్నాయి.

ఐదూ యాభై మూడుకి కీలియన్ కొట్టం ముందు మూట పడేసి, రెండు చేతులూ పైకెత్తి, "గెలిచా!" అని అరిచాడు. అడుగున్నర వెనక స్వేన్యా. నేను సుద్దతో గీత గీశాను, పది. ఇంకో గీత, పదకొండు.

వాడి చేతులు పైకెత్తినవి పైకే ఉండిపోయాయి. తలుపు మీద గీతలు చూశాడు. "అత్తా, ఆగండి... నేను తెచ్చింది లెక్క పెడతారా?"

"ఎర్రపట్టె గడ్డి, ఎండుగడ్డి, గంటకి ముందు దిగింది. ఎవరి నెత్తి మీద దిగిందో నేనెందుకు రాయాలి నాయనా?"

ఇంకా ఒకటి కావాలి. అందరం దారి వైపు చూస్తున్నాం. ఐదూ యాభై ఏడు. ఐదూ యాభై ఎనిమిది. చర్చిలో గంట తాడు పట్టుకున్న ఆవిడ కూడా కిటికీలోంచి చూస్తోందట. నోయెమీ వచ్చింది, సగం మూటతో. ఆ కుర్రాడు రాలేదు. స్వేన్యా నేల మీద కూలబడిపోయింది. అప్పుడు కీలియన్ ఏమనుకున్నాడో ఏమో, మళ్లీ దారి మీదికి పైకి పరిగెత్తాడు. ఆఖరి మలుపులో ఆ కుర్రాడు కాళ్లు వణికి కూర్చుండిపోయి ఉన్నాడు. కీలియన్ వాడి నెత్తి మీది సగాన్ని ఒక్క గుంజుతో లాగి భుజాన వేసుకుని ఉరికి, నోయెమీ సగం పక్కన విసిరేశాడు. గడ్డి నేలకి తగిలిన చప్పుడు, నేను గీసిన పన్నెండో గీత, మొదటి గంట, ఆ వరసలోనే వచ్చాయి. ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను.

ఆ తరవాత కాసేపు ఎవరు ఎవర్ని కావలించుకున్నారో చెప్పడం కష్టం. బస్సు డ్రైవరు నన్ను కూడా కావలించుకున్నాడు, ఆయన ఎవరో నాకు పేరు కూడా తెలియదు.

కీలియన్ తొట్టి గట్టు మీద కూర్చుని నీళ్లలోంచి కొక్కెం చక్రం తీసి చూస్తున్నాడు. స్వేన్యా వెళ్లి పక్కన కూర్చుంది, కాళ్లు నీళ్లలో పెట్టి.

"నా బాట నేనే నెత్తి మీద పెట్టుకుని ముంచుకున్నానే," అన్నాడు.

"దిగుడు బాగుందా?"

"ఏం దిగుడు?"

"ఇప్పుడు దిగావే, పశువుల దారి. గోడలు, మలుపులు, కింద రాయి పరిచి ఉంది. పార పెట్టక్కర్లేదు. రెండు వందల ఏళ్లుగా అక్కడే ఉంది."

వాడు తల తిప్పి కొండ వైపు చూశాడు. చేత్తో గాల్లో మలుపులు తిప్పుకుంటున్నాడు. "మూడో మలుపు దగ్గర బ్రేకు పట్టాలి... మనుషులు నడిచే రోజులు వేరు, సైకిళ్ల రోజులు వేరు పెట్టాలి. ఆవులు పైకెళ్లే జూన్లో అసలొద్దు." మళ్లీ ఉలిక్కిపడి, "నువ్వు సంఘం మీటింగులో చెయ్యెత్తుతావా?"

"గడ్డి కోతకి ఏటా రెండు రోజులు వస్తావా?"

"ఇనపగోళ్లు మాత్రం నావి నేనే కట్టుకుంటా."

సెప్టెంబరు మీటింగులో ఎవరెటు చెయ్యెత్తుతారో నాకు తెలియదు. పశువుల దారి పక్క పొలాలవాళ్లు ముగ్గురున్నారు, వాళ్లతో మాట్లాడ్డం గంగిగోవుతో మాట్లాడినంత తేలిక కాదు. కానీ ఎర్రపట్టె మాత్రం ఇంకో మూడేళ్లు ఎవరూ కదపలేరు. ఈ చలికాలం మంచు దాని మోళ్లు పట్టుకుని నిలబడుతుంది.

వెండెల్ బాబాయి కుంటుకుంటూ వచ్చాడు. చేతిలో వంతెన కమ్మీ మీద వదిలేసిన ఇనపగోళ్లు. తడిసిన కట్లతో ఉన్న మనవరాలి పాదాల వైపు చూసి, వాటిని దాని మెడలో హారంలా వేశాడు.

"ఎంతుంటాయే బరువు?"

"తొమ్మిది వందల గ్రాములు, తాతా."

"మళ్లీ చెప్పు."

"ఏం బరువు లేవు, తాతా," అంది స్వేన్యా.